విలియం హెర్షెల్

సర్ ఫ్రెడరిక్ విలియం హెర్షెల్ (నవంబరు 15, 1738 - ఆగష్టు 25, 1822) జర్మనీలో జన్మించి ఇంగ్లాండులో స్థిరపడిన ప్రముఖ ఖగోళ శాస్త్రవేత్త, దూరదర్శినుల నిర్మాత మరియు సంగీతకారుడు. ఇతడు 1781 మార్చి 13న యురేనస్ గ్రహాన్ని కనుగొన్నాడు. ప్రాచీన కాలం నుండి మానవులకు తెలిసిన గ్రహాలకు తోడుగా, దూరదర్శిని సహాయంతో కనుగొనబడిన మొట్టమొదటి గ్రహం ఇదే. 1800లో పరారుణ కిరణాలను కనుగొన్నది కూడా ఇతడే. వృత్తిరీత్యా సంగీత ఉపాధ్యాయుడైన హెర్షెల్ ఏ విశ్వవిద్యాలయంలోనూ ఖగోళశాస్త్రాన్ని అభ్యసించలేదు. తీరిక వేళల్లో, తన ఇంటిలోనే లోహపు అద్దాలను పోతపోసి, అరగదీసి, మెరుగుపెట్టి దూరదర్శినులను స్వయంగా తయారుచేసుకొన్నాడు. ఆ కాలంలో ఏ ప్రభుత్వ వేధశాలలోనూ అంతటి నాణ్యమైన పరికరాలు లేవు. ఈ కృషిలో అతని చెల్లెలు కరోలిన్ హెర్షెల్, తమ్ముడు అలెగ్జాండర్ ముఖ్యపాత్ర వహించారు.

బాల్యం, కుటుంబం

హెర్షెల్ జర్మనీలోని హానోవర్ పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు అన్నా ఇల్సే మోరిట్జెన్, ఐజాక్ హెర్షెల్. వీరికి పదిమంది సంతానం కాగా నలుగురు చిన్నతనంలోనే మరణించారు. ఐజాక్ హానోవర్ సైనిక దళానికి చెందిన వాద్యబృందంలో ఓబో అనే సుషిరవాద్యాన్ని వాయించేవాడు. ఆదాయం తక్కువైనా పిల్లలందరికీ సంగీతం నేర్పించాడు. అతనికి నక్షత్రాలపై కూడా ఆసక్తి ఉండేది. చలికాలపు రాత్రులలో చిన్నారి కరోలిన్‌ను వీధిలోనికి తీసుకొనివెళ్ళి నక్షత్రరాశులను చూపించేవాడు. రాత్రిపూట తండ్రీకొడుకులు న్యూటన్, లైబ్నిజ్, ఆయిలర్ మొదలైనవారి సిద్ధాంతాలపై పెద్దగా వాదించుకొనేవారు. తెల్లవారి బడికి వెళ్ళవలసిన చిన్నపిల్లలకు నిద్రాభంగం కలుగుతుందని తల్లి వారించేది.

విలియం పద్నాలుగేళ్ళ వయసులో తండ్రి పనిచేసే వాద్యబృందంలో చేరాడు. సప్తవర్ష యుద్ధం జరుగుతున్న రోజులలో, 1757 జూలైలో హాస్టెన్‌బెక్ వద్ద హానోవర్ పక్షం ఫ్రెంచి సేనల చేతిలో ఓడిపోయింది. ఆ తరువాత తండ్రి సలహా మేరకు విలియం, అతని అన్న జేకబ్ ఇంగ్లాండుకు తరలివెళ్ళారు. సైన్యం నుండి పారిపోయినందుకు ఇతనికి మరణశిక్ష విధించారని, తరువాత రాజు క్షమించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. 1762లో ఇతనికి సైన్యం నుండి విడుదల పత్రం లభించింది.

సంగీత జీవితం

లండన్ చేరిన తొలిరోజులలో సోదరులిద్దరూ సంగీత ప్రతులకు నకళ్ళు వ్రాసి పొట్టపోసుకొన్నారు. జేకబ్ కొంతకాలానికి హానోవర్‌కు తిరిగి వెళ్ళిపోగా విలియం ఇంగ్లాండులోనే ఉండిపోయాడు. 1760 నుండి ఉత్తర ఇంగ్లాండులోని డర్హమ్, న్యూకాజిల్, సండర్లాండ్, లీడ్స్ ప్రాంతాలలో వాద్యబృందాలను నడుపుతూ, పాఠాలు చెబుతూ, కచేరీలు ఇస్తూ జీవించాడు. గుర్రంపై దూరప్రయాణాలు చేస్తూనే ఇంగ్లీషు, ఇటాలియన్, లాటిన్ భాషలను సొంతంగా నేర్చుకొన్నాడు. ఇతడు 24 సింఫొనీలను, మరెన్నో ఇతర సంగీత రచనలను స్వరపరచాడు.

1766లో హాలిఫాక్స్ పట్టణంలోని చర్చిలో ఆర్గాన్ వాద్యకారునిగా కొద్దికాలం పనిచేసి, అదే సంవత్సరం చివరలో బాత్ నగరానికి చేరుకొన్నాడు. వేడినీటి ఊటలకు ప్రసిద్ధి చెందిన బాత్ అప్పట్లో ధనవంతుల విడిది. అక్కడి ఆక్టగాన్ చాపెల్‌లో ఆర్గాన్ వాద్యకారునిగా నియమితుడయ్యాడు. కచేరీల నిర్వహణతో పాటు వారానికి 35కు పైగా పాఠాలు చెప్పేవాడు.

1772లో హానోవర్ వెళ్ళి చెల్లెలు కరోలిన్‌ను తనతో తీసుకొనివచ్చాడు. కరోలిన్ చిన్నతనంలో మశూచి బారిన పడింది. పదేళ్ళ వయసులో వచ్చిన టైఫస్ జ్వరం వలన ఎదుగుదల ఆగిపోయి ఆమె ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలకు పరిమితమైంది. ఆమెకు పెళ్ళి కాదని భావించిన తల్లి ఇంటిచాకిరీకే ఆమెను ఉపయోగించుకొన్నది. కరోలిన్‌కు బదులుగా పనిమనిషిని పెట్టుకొనుటకు ఏటా డబ్బు పంపుతానని విలియం ఒప్పుకొన్న తరువాతనే తల్లి ఆమెను వదిలింది. బాత్‌లో అన్న వద్ద శిక్షణ పొందిన కరోలిన్ మంచి గాయనిగా పేరు తెచ్చుకొన్నది. 1778లో హాండెల్ రచించిన మెస్సయా సంగీత ప్రదర్శనలో ప్రధాన గాయనిగా పాడింది.

దూరదర్శిని వైపు

రాబర్ట్ స్మిత్ వ్రాసిన స్వరశాస్త్ర గ్రంథం హెర్షెల్‌కు ఎంతగానో నచ్చడంతో అదే రచయిత కాంతిశాస్త్రంపై వ్రాసిన గ్రంథాన్ని కూడా చదివాడు. అందులో దూరదర్శినులను తయారుచేసే పద్ధతులు వివరంగా ఉన్నాయి. 1773 మే నెలలో జేమ్స్ ఫెర్గూసన్ రచించిన ఖగోళశాస్త్ర పుస్తకాన్ని కొన్నాడు. పుస్తకాలలో చదివినవాటిని తన కళ్ళతో చూడాలనే కోరిక అప్పటినుండి బలపడింది.

మొదట కటకాలతో పనిచేసే వక్రీభవన దూరదర్శినులను ప్రయత్నించాడు. కటకాలను తెప్పించగా, వాటిని బిగించే పొడవైన గొట్టాన్ని కరోలిన్ అట్టతో తయారుచేసింది. అయితే అట్ట గొట్టం తన బరువుకు తానే వంగిపోయేది. తరువాత రేకు గొట్టాలు వాడారు. ఆనాటి కటకాలలో రంగుల దోషం తగ్గాలంటే గొట్టం చాలా పొడవుగా ఉండాలి. అంత పొడవైన గొట్టాన్ని ఆకాశంలోని వస్తువు వైపు తిప్పి నిలపడం దాదాపు అసాధ్యమయ్యేది.

దానితో హెర్షెల్ అద్దంతో పనిచేసే పరావర్తన దూరదర్శినిని అద్దెకు తెచ్చి చూశాడు. ఇది పొట్టిగా, వాడుకకు అనుకూలంగా ఉన్నది. పెద్ద అద్దం కావాలని లండన్‌లో విచారించగా వారు చెప్పిన వెల అతనికి అందుబాటులో లేదు. అదే సమయంలో బాత్‌లో అద్దాలు మెరుగుపెట్టే అలవాటున్న ఒక వ్యక్తి తన పనిముట్లను, సగం పూర్తయిన అద్దాలను అమ్మకానికి పెట్టాడు. 1773 సెప్టెంబరులో హెర్షెల్ వాటిని కొని, పనిలోని కిటుకులు కొన్ని అతనినుండే నేర్చుకొని సొంతంగా అద్దాల తయారీకి పూనుకొన్నాడు.

అద్దాల తయారీ విధానం

నేటి దూరదర్శినులలో వాడేది గాజు మీద పలుచని లోహపు పూత పూసిన అద్దం. హెర్షెల్ కాలంలో ఆ పద్ధతి లేదు. అద్దం మొత్తం లోహంతోనే చేసేవారు. సుమారు రెండు వంతులకు పైగా రాగి, మిగిలినది తగరం కలిపి కరిగిస్తే తెల్లగా మెరిసే మిశ్రమలోహం వస్తుంది. తగరం పాలు ఎక్కువైన కొద్దీ అద్దం ఎక్కువ మెరుస్తుంది, కాని గాజువలె పెళుసుగా మారి చల్లారేటప్పుడే పగిలిపోతుంది. రాగి పాలు ఎక్కువైతే బలంగా ఉంటుంది, కాని ఎర్రబారి త్వరగా మసకబారుతుంది. సరైన పాళ్ళు తెలుసుకొనేందుకు హెర్షెల్ ఎన్నో పోతలు పోసి ప్రతి ఒక్కదాని వివరాలు వ్రాసిపెట్టుకొన్నాడు.

పోతపోసిన బిళ్ళను తరువాత గరుకు పొడితో, ఒక పనిముట్టుపై ముందుకు వెనుకకు రుద్దుతారు. రెండు తలాలు ఒకదానిపై ఒకటి అన్నివైపులా రాసుకొన్నప్పుడు పైది పుటాకారంగాను, క్రిందిది కుంభాకారంగాను మారతాయి. క్రమంగా మరింత మెత్తని పొడులు వాడుతూ గీతలను తొలగిస్తారు. చివర తారు వంటి జిగురు పదార్థం పూసిన పనిముట్టుతో మెరుగుపెడతారు. దీనివలన గోళాకారపు పుటాకార దర్పణం తయారవుతుంది. అయితే దూరపు నక్షత్రం నుండి వచ్చే కిరణాలన్నీ ఒకే బిందువు వద్ద చేరాలంటే అద్దం గోళాకారంలో కాక పరావలయాకారంలో ఉండాలి. ఈ రెంటికీ మధ్య తేడా వెంట్రుక మందంలో అతి స్వల్పభాగం మాత్రమే. చేతి కదలికల తీరును మార్చుతూ ఆ తేడాను తీసుకొనిరావడమే ఈ విద్యలోని అసలైన నైపుణ్యం.

చివరి మెరుగు పెట్టేటప్పుడు చేయి ఆపితే తలం పాడవుతుందని హెర్షెల్ నమ్మకం. ఒకసారి పదహారు గంటలపాటు చేతులు తీయకుండా పనిచేశాడు. ఆ సమయంలో కరోలిన్ అతని నోటికి అన్నం ముద్దలు అందించింది. పని సాగుతున్నంతసేపు ఆమె డాన్ క్విక్సోట్, అరేబియన్ నైట్స్ వంటి పుస్తకాలను చదివి వినిపించేది.

కార్ఖానాగా మారిన ఇల్లు

కొద్ది నెలలలోనే హెర్షెల్ ఇల్లు కార్ఖానాగా మారిపోయింది. అతిథులు కూర్చునే గదిలో వడ్రంగి గొట్టాలు, పీఠాలు చేసేవాడు. పడకగదిలో అలెగ్జాండర్ పెద్ద లేతు యంత్రాన్ని బిగించి అచ్చులు, నేత్రకటకాల చట్రాలు తరిమెన పట్టేవాడు. అలెగ్జాండర్ సెల్లో వాద్యంలో నిపుణుడే కాక యంత్రాల పనిలో కూడా నేర్పరి. హెర్షెల్ పాఠాల మధ్య దొరికిన కొద్ది సమయంలో కూడా బట్టలు మార్చుకోకుండానే పనికి దిగేవాడు. అతని చొక్కా చేతుల జాలరు అంచులు చినగడం, తారు మరకలు పడడం మామూలయ్యాయి.

ఇంటి నిర్వహణ, లెక్కలు, సంగీత ప్రతుల నకళ్ళు, పాటల సాధనల నడుమ కరోలిన్ ఈ పనులలో కూడా పాల్గొనవలసి వచ్చేది. తన సాధనకు సమయం చాలడం లేదన్న బాధను ఆమె తన జ్ఞాపకాలలో దాచుకోలేదు. బర్మింగ్‌హామ్ సంగీతోత్సవంలో పాడవలసిందిగా వచ్చిన ఆహ్వానాన్ని ఆమె తిరస్కరించింది. అన్న నిర్వహించే కచేరీలలో తప్ప మరెక్కడా పాడకూడదని నిశ్చయించుకొన్నది.

1774 మార్చి 1న హెర్షెల్ తన పరిశీలనల పుస్తకాన్ని మొదలుపెట్టాడు. స్వయంగా చేసిన దూరదర్శినితో ఆ రోజులలో శనిగ్రహ వలయాలను, మృగశిర రాశిలోని నీహారికను చూశాడు. 1778లో ఏడడుగుల పొడవు, 6.2 అంగుళాల వ్యాసం గల అద్దంతో ఒక దూరదర్శినిని పూర్తిచేశాడు. తరువాత ఇతనికి కీర్తి తెచ్చిపెట్టినది ఇదే.

1779 చివరలో ఒక రాత్రి, ఇంటి ముందు వీధిలోనే దూరదర్శినిని నిలిపి చంద్రుని పర్వతాల ఎత్తును కొలుస్తుండగా ఆ దారిన వెళుతున్న విలియం వాట్సన్ అనే వైద్యుడు ఆగి తానూ చూడవచ్చునా అని అడిగాడు. ఈ పరిచయం గాఢమైన స్నేహంగా మారింది. వాట్సన్ ద్వారా హెర్షెల్ బాత్ తాత్విక సంఘంలో సభ్యుడయ్యాడు. ఇతని వ్యాసాలు లండన్‌లోని రాయల్ సొసైటీకి చేరసాగాయి.

యురేనస్ ఆవిష్కరణ

1781 మార్చి నెలలో హెర్షెల్ కుటుంబం న్యూకింగ్ వీధిలోని 19వ నంబరు ఇంటికి మారింది. ఈ ఇంటి వెనుక చిన్న తోట ఉన్నది. మార్చి 13వ తేదీ, మంగళవారం రాత్రి పది, పదకొండు గంటల మధ్య, ఆ తోటలో నిలిపిన ఏడడుగుల దూరదర్శినితో హెర్షెల్ వృషభ, మిథున రాశుల సరిహద్దులోని నక్షత్రాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాడు. వాటిలో ఒకటి మిగిలినవాటికంటె పెద్దగా, గుండ్రని బిళ్ళవలె కనిపించింది.

అప్పుడు అతడు 227 రెట్లు పెద్దదిగా చూపే నేత్రకటకాన్ని వాడుతున్నాడు. దానిని తీసి 460 రెట్లు, ఆపై 932 రెట్లు చూపేవాటిని అమర్చాడు. నక్షత్రాలు ఎంతో దూరంలో ఉండుట వలన కటకం మార్చినా ఆ నిష్పత్తిలో పెరగవు. ఈ వస్తువు మాత్రం నిష్పత్తి ప్రకారం పెరిగింది. నాలుగు రోజుల తరువాత, మార్చి 17న మరల చూడగా అది తన స్థానం నుండి జరిగినట్లు తేలింది. హెర్షెల్ దానిని తోకచుక్కగా భావించి ఆ విధంగానే ప్రకటించాడు.

ఆస్థాన ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ అది గ్రహం కావచ్చునని మొదటనే సందేహించాడు. రష్యాలో పనిచేస్తున్న ఆండర్స్ లెక్సెల్ మొదలైన గణిత శాస్త్రవేత్తలు దాని కక్ష్య దాదాపు వృత్తాకారంలో ఉన్నదని, సూర్యుని నుండి దాని దూరం శనిగ్రహ దూరానికి సుమారు రెట్టింపు అని లెక్కగట్టారు. ఆ విధంగా సౌరకుటుంబపు విస్తీర్ణం ఒక్కసారిగా రెట్టింపైంది. ఈ గ్రహం సూర్యుని చుట్టి రావడానికి 84 సంవత్సరాలు పడుతుంది. 1690లో జాన్ ఫ్లామ్‌స్టీడ్ దీనిని చూసి కూడా వృషభరాశిలోని ఒక నక్షత్రంగా నమోదు చేసుకొన్నాడు. గుండ్రని బిళ్ళను నక్షత్రం నుండి వేరుగా గుర్తించడానికి హెర్షెల్ చేసిన అద్దపు నాణ్యత, అతని కంటికి గల అభ్యాసం కారణమయ్యాయి.

హెర్షెల్ తన గ్రహానికి మూడవ జార్జి రాజు పేరు పెట్టాడు. ఇతర దేశాలవారికి అది రుచించలేదు. జర్మన్ ఖగోళవేత్త యోహాన్ బోడె సూచించిన యురేనస్ అన్న పేరు కాలక్రమేణా స్థిరపడింది. 1789లో క్లాప్రోత్ తాను కనుగొన్న మూలకానికి ఈ గ్రహం పేరుమీదుగానే యురేనియం అని పేరు పెట్టాడు.

కొలిమి ప్రమాదం

గ్రహాన్ని కనుగొన్న సంవత్సరంలోనే హెర్షెల్ ముప్పై అడుగుల దూరదర్శిని కొరకు మూడడుగుల వ్యాసం గల అద్దాన్ని పోతపోయాలని సంకల్పించాడు. అంత పెద్ద అద్దాన్ని పోయడానికి ఏ కార్ఖానా ముందుకు రాకపోవడంతో ఇంటి క్రింది అంతస్తులోనే కొలిమి కట్టించాడు. అచ్చును గుర్రపు లద్దె కలిపిన మట్టితో తయారుచేశారు. ఆ లద్దెను రోటిలో దంచి, జల్లెడ పట్టే పని కరోలిన్‌ది, అలెగ్జాండర్‌ది. వాట్సన్ కూడా అప్పుడప్పుడు వచ్చి చేయి వేసేవాడు.

1781 ఆగష్టులో సుమారు 500 పౌండ్ల లోహాన్ని కరిగించి మొదటి పోత పోశారు. అచ్చులోనుండి కొంత లోహం కారిపోగా, మిగిలిన అద్దం చల్లారేటప్పుడు పగిలిపోయింది. మిశ్రమంలో రాగి పాలు పెంచి రెండవసారి ప్రయత్నించారు. ఈసారి కరిగిన లోహం కొలిమి పగుళ్ళనుండి బయటికి ప్రవహించి నేలపై పరచిన రాతిపలకలపై పడింది. వేడికి రాతిపలకలు పేలి ముక్కలు పైకప్పు వరకు ఎగిరాయి. హెర్షెల్, అలెగ్జాండర్, పనివారు చెరొక తలుపు వైపు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకొన్నారు. హెర్షెల్ అలసటతో ఇటుకల కుప్పపై కూలబడ్డాడు. ముప్పై అడుగుల దూరదర్శిని ప్రయత్నం అంతటితో ఆగింది.

గుర్తింపు, సంగీతానికి వీడ్కోలు

1781 నవంబరులో రాయల్ సొసైటీ హెర్షెల్‌కు కోప్లే పతకాన్ని ప్రదానం చేసింది. ఆ వెనుకనే సభ్యత్వం కూడా లభించింది. అయినప్పటికీ లండన్‌లో చాలామందికి ఇతనిపై నమ్మకం కుదరలేదు. తన నేత్రకటకాలు వేల రెట్లు పెద్దదిగా చూపుతాయన్న అతని మాటను కొందరు ఎగతాళి చేశారు. ఆనాటి మంచి దూరదర్శినులు కూడా కొన్ని వందల రెట్లు మాత్రమే చూపేవి. ఒక సంగీత ఉపాధ్యాయుడు ఇంట్లో చేసిన పరికరం వాటిని మించుతుందని ఒప్పుకోవడం వారికి కష్టమైంది.

1782లో ఏడడుగుల దూరదర్శినిని గ్రీనిచ్ వేధశాలకు తీసుకొనివెళ్ళి అక్కడి పరికరాలతో పోల్చి చూశారు. హెర్షెల్ పరికరమే మేలైనదని మాస్కెలిన్ అంగీకరించాడు. జంట నక్షత్రాలు ఇతని పరికరంలో విడివిడిగా, స్పష్టంగా కనిపించాయి. తరువాత దానిని విండ్సర్ కోటకు తరలించగా రాజకుటుంబం శనిగ్రహాన్ని చూసి ఆనందించింది.

మూడవ జార్జి హెర్షెల్‌కు సంవత్సరానికి 200 పౌండ్ల వేతనం మంజూరు చేశాడు. విండ్సర్ కోటకు దగ్గరలో నివసించడం, అడిగినప్పుడు రాజకుటుంబానికి ఆకాశాన్ని చూపించడం మాత్రమే అతని విధి. ఈ మొత్తం సంగీతం ద్వారా బాత్‌లో సంపాదిస్తున్న దానిలో సగం మాత్రమే. అయినా హెర్షెల్ తన 43వ ఏట వృత్తిని వదులుకొని 1782 ఆగష్టులో డాచెట్ గ్రామానికి తరలిపోయాడు. దీనితో కరోలిన్ గాత్ర జీవితం కూడా ముగిసిపోయింది. తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకొనుటకు హెర్షెల్ దూరదర్శినులను తయారుచేసి అమ్మసాగాడు. ఐరోపాలోని రాజులు, ధనికులు వీటిని కొన్నారు. స్పెయిన్ రాజు కొరకు చేసిన ఇరవై ఐదడుగుల దూరదర్శిని 1802లో ఆ దేశానికి చేరింది. జీవితకాలంలో ఇతడు 400కు పైగా అద్దాలు తయారుచేశాడు.

ఇరవై అడుగుల దూరదర్శిని

1783లో ఇరవై అడుగుల పొడవు, సుమారు 18.7 అంగుళాల వ్యాసం గల అద్దంతో హెర్షెల్ చేసిన దూరదర్శిని అతని పరికరాలన్నింటిలోకి ఎక్కువ ఉపయోగపడినది. దీనిని ఒకే దిశలో నిలిపి, పైకి క్రిందికి ఆడిస్తూ, భూభ్రమణం వలన కదిలే ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పరిశీలించే పద్ధతిని అవలంబించాడు. హెర్షెల్ నిచ్చెనపై నిలబడి చూస్తూ వివరాలు చెబుతుండగా, కిటికీ వద్ద దీపపు వెలుగులో కూర్చున్న కరోలిన్ గడియారం చూసి స్థానాలను వ్రాసేది. వెలుతురు చూస్తే హెర్షెల్ కంటికి చీకటి అలవాటు తప్పుతుంది కనుక ఈ పని విభజన అవసరమయ్యేది. పగలు ఆమె రాత్రి లెక్కలను సరిచేసి శుద్ధప్రతి తయారుచేసేది.

1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెత్తుతూ కరోలిన్ జారిపడగా, పరికరానికి బిగించిన ఇనుప కొక్కెం ఆమె కాలిలో మోకాలిపైన దిగబడింది. మాంసం ఊడివచ్చిన ఆ గాయం మానడానికి వారాలు పట్టింది.

ఈ పరిశీలనల ఫలితంగా 1786, 1789, 1802 సంవత్సరాలలో వెలువడిన మూడు జాబితాలలో మొత్తం 2,500 నీహారికలు, నక్షత్రగుచ్ఛాలు చేర్చబడ్డాయి. అంతకు ముందు తెలిసినవి నూరు పైచిలుకు మాత్రమే. 1787 జనవరిలో యురేనస్ ఉపగ్రహాలైన టైటానియా, ఒబెరాన్‌లను హెర్షెల్ కనుగొన్నాడు. కరోలిన్ 1786 - 1797 మధ్యకాలంలో ఎనిమిది తోకచుక్కలను కనుగొన్నది. 1787 నుండి ఆమెకు సహాయకురాలిగా రాజు సంవత్సరానికి 50 పౌండ్ల వేతనం ఇచ్చాడు.

నలభై అడుగుల దూరదర్శిని

1786లో హెర్షెల్ స్లౌ అనే ఊరికి మారి జీవితాంతం అక్కడే ఉన్నాడు. రాజు దశలవారీగా ఇచ్చిన 4,000 పౌండ్లతో అక్కడ నలభై అడుగుల దూరదర్శినిని నిర్మించాడు. దీని అద్దం వ్యాసం నాలుగడుగులు. మొదట చేసిన అద్దం పలుచనై వంగిపోవడంతో సుమారు ఒక టన్ను బరువు గల మరొక అద్దాన్ని చేయించాడు. దానిని మెరుగుపెట్టడానికి మొదట పనివారిని బృందంగా నిలిపి, తరువాత అందుకొక యంత్రాన్ని రూపొందించాడు. ఇనుప గొట్టం ఎంత పెద్దదంటే అద్దం బిగించక మునుపు సందర్శకులు అందులో నడిచివెళ్ళేవారు. రాజు కూడా కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ను వెంటబెట్టుకొని అందులో నడిచాడు.

లోహపు అద్దం తనపై పడిన కాంతిలో చాలాభాగాన్ని పోగొడుతుంది. ఇందువలన హెర్షెల్ రెండవ అద్దాన్ని తొలగించి, ప్రధాన దర్పణాన్ని కొద్దిగా వాల్చి, గొట్టపు పైఅంచు వద్దనుండి నేరుగా చూసే ఏర్పాటు చేశాడు. 1789 ఆగష్టు, సెప్టెంబరు నెలలలో శనిగ్రహ ఉపగ్రహాలైన ఎన్సెలాడస్, మిమాస్ బయటపడ్డాయి.

అయితే ఈ మహాయంత్రం ఆశించినంతగా ఉపకరించలేదు. దానిని నడపడానికి పనివారు కావాలి. బరువుకు అద్దపు ఆకారం చెడేది, తేమకు మసకబారేది. మసకబారిన ప్రతిసారి మెరుగు మొదటినుండి పెట్టవలసిందే. హెర్షెల్ క్రమంగా తన పాత ఇరవై అడుగుల దూరదర్శినికే తిరిగి వచ్చాడు. 1839 - 40లో ఇతని కుమారుడు జాన్ దీనిని విప్పించివేశాడు. గొట్టంలోని ఒక భాగం గ్రీనిచ్‌లో భద్రపరచబడి ఉన్నది.

ఇతర పరిశోధనలు

1783లో కొన్ని నక్షత్రాల స్వల్ప చలనాలను పరిశీలించి, సూర్యుడు తన కుటుంబంతో సహా హెర్క్యులిస్ రాశి దిశగా కదులుతున్నాడని చూపాడు. 1785లో నక్షత్రాలను దిక్కువారీగా లెక్కించి పాలపుంత ఆకారాన్ని చిత్రించాడు. జంట నక్షత్రాలలో కొన్ని ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని 1803లో నిరూపించాడు. దీనితో గురుత్వాకర్షణ సూత్రం సౌరకుటుంబానికి వెలుపల కూడా వర్తిస్తుందని తెలిసింది.

సూర్యుని చూడడానికి రంగుటద్దాలు వాడుతున్నప్పుడు కొన్ని రంగులు ఎక్కువ వేడిని కలిగిస్తున్నట్లు గమనించాడు. 1800లో పట్టకం ద్వారా సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకాన్ని ఉంచాడు. ఊదా నుండి ఎరుపు వైపుకు పోయిన కొద్దీ వేడి పెరిగింది. ఎరుపుకు అవతల, కంటికి ఏ వెలుగూ లేని చోట ఉంచిన ఉష్ణమాపకం మరింత వేడిని చూపింది. కంటికి కనిపించని ఈ కిరణాలనే నేడు పరారుణ కిరణాలంటున్నారు.

ఇతని అభిప్రాయాలన్నీ సరైనవి కావు. చంద్రునిపైన, సూర్యుని లోపలి భాగంలో కూడా జీవులు నివసిస్తున్నాయని నమ్మాడు. సౌరమచ్చలకు, గోధుమ ధరలకు సంబంధం ఉన్నదని 1801లో చేసిన ప్రతిపాదన కూడా ఆమోదం పొందలేదు.

కుటుంబ జీవితం, చివరి దశ

1788 మే 8న హెర్షెల్ మేరీ పిట్ అనే వితంతువును వివాహమాడాడు. పదహారేళ్ళుగా అన్న ఇంటిని నడిపిన కరోలిన్ వేరే బసకు మారవలసి వచ్చింది. ఆ తరువాతి పది సంవత్సరాల దినచర్యను ఆమె స్వయంగా నాశనం చేసింది. కాలక్రమంలో వదినతో ఆమెకు సఖ్యత కుదిరింది. 1792లో జన్మించిన మేనల్లుడు జాన్ హెర్షెల్‌పై ఆమెకు ఎంతో ప్రేమ. జాన్ కూడా ప్రసిద్ధ శాస్త్రవేత్త అయ్యాడు. తండ్రి ఉత్తరార్ధ గోళం నుండి చేసిన పరిశీలనలను దక్షిణ ఆఫ్రికా నుండి కొనసాగించి దక్షిణాకాశానికి కూడా విస్తరింపజేశాడు.

1816లో హెర్షెల్‌కు నైట్ బిరుదు లభించింది. లండన్ ఖగోళశాస్త్ర సంఘానికి 1821లో తొలి అధ్యక్షుడయ్యాడు. ఇదే తరువాత రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీగా మారింది. 1822 ఆగష్టు 25న తన 83వ ఏట స్లౌలోని స్వగృహంలో మరణించాడు. సమీపంలోని అప్టన్ గ్రామంలో సెయింట్ లారెన్స్ చర్చిలో ఇతనిని సమాధి చేశారు. అన్న మరణానంతరం కరోలిన్ హానోవర్‌కు తిరిగి వెళ్ళి, అతని నీహారికలన్నింటినీ ఒకే పట్టికగా క్రమపరచి జాన్‌కు పంపింది. ఇందుకు 1828లో ఆమెకు ఖగోళశాస్త్ర సంఘం బంగారు పతకాన్ని బహూకరించింది. ఆమె 1848 జనవరి 9న, 97 సంవత్సరాల వయసులో మరణించింది.

స్మారకాలు

బాత్‌లోని 19, న్యూకింగ్ వీధి ఇంటిని 1981లో మ్యూజియంగా మార్చారు. క్రింది అంతస్తులో కరిగిన లోహానికి పగిలిన రాతిపలకలను, వెనుక తోటను అక్కడ చూడవచ్చు. కానరీ దీవులలోని లా పాల్మాలో 4.2 మీటర్ల అద్దం గల దూరదర్శినికి, మిమాస్ ఉపగ్రహంపై గల పెద్ద బిలానికి హెర్షెల్ పేరు పెట్టారు. పరారుణ కిరణాలలో విశ్వాన్ని పరిశీలించుటకు ఐరోపా అంతరిక్ష సంస్థ 2009 మే 14న ప్రయోగించిన వేధశాలకు కూడా ఇతని పేరే పెట్టారు. 3.5 మీటర్ల అద్దం కలిగిన ఆ వేధశాల 2013 ఏప్రిల్ వరకు పనిచేసింది.